తాటిదోనె, థర్మాకోల్ తెప్ప

గోదావరిలో చేపలకు మేము తాటిదోనె మీద పోయేవాళ్ళం. మొద్దు లోపలి మెత్తని పీచు తొలిచి, రెండు దోనెలు జతకట్టి, పైన చెక్క వేసుకునేవాళ్ళం. ఒంటిదోనె ఊరికే తిరగబడుతుంది మరి. కల్లిచ్చే చెట్టును కొట్టకూడదని పెద్దల మాట. ముసలిచెట్టు దొరికేదాకా ఆగాలి. ఆకలి ఆగుతుందా?

అందుకే ఇప్పుడు థర్మాకోల్ పలకలు వలతో చుట్టి తెప్ప కడుతున్నాం. ఒక్కరే భుజానికెత్తుకోవచ్చు. చెట్టు బతికిందని సంబరపడ్డాం కూడా. కానీ రాళ్ళకు రాసుకుంటే తెల్లపూసలు రాలతాయి. దోనె కుళ్ళితే మట్టి. పూసలు కుళ్ళవు, చేపలు మేతనుకుని మింగుతాయి. ఆ చేపలే మా కూర. చెట్టుకు దండం పెట్టి గొడ్డలి ఎత్తినవాళ్ళం, ఏటిని ఏమడిగాం? పూట గడవనివాళ్ళకు అడిగే తీరిక లేదన్నదీ నిజమే.

ఈ ఏడు తెప్పకు గోనెసంచులు దట్టంగా కుట్టాం. రాలడం తగ్గింది, ఆగలేదు.