పనిచేసేవాళ్ల మాట వినమ్మా

అమ్మలూ,

భీమవరంలో నీ ఆడిట్ ఆఫీసు కుదురుకుందనీ, ఏలూరులో బ్రాంచి తెరవబోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. చంటిపిల్లల్ని చూసుకుంటూ ఇంటి నుంచే పని చేస్తామని నీ దగ్గర అమ్మాయిలు అడిగితే సరేనన్నావట. ఆ మాటకి నాకు చాలా సంతోషమేసింది. చదువుకున్న ఆడపిల్లలు పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక ఉద్యోగం వదిలేయకుండా ఉండడానికి మన ఊళ్లలో ఇంతకంటే పెద్ద సాయం లేదు. అందుకోసం ఇంటి కంప్యూటర్ని ఆఫీసుకి సొరంగంలా కలిపే వీపీఎన్ పెట్టిస్తున్నానని, ఏది మంచిదో చెప్పమని అడిగావు. ఏది కొనాలన్నది రెండు ముక్కల్లో తేలిపోయే సంగతి. కొన్నాక దాన్ని రోజూ వాడేవాళ్ల మాట ఎవరు వింటారన్నదే అసలు సంగతి. హైదరాబాదులో ఇన్నేళ్లు కంపెనీల నెట్‌వర్కులు చూసినవాణ్ణి కాబట్టి, మావయ్యగా ఇంత చనువు తీసుకుని చెబుతున్నాను.

యూట్యూబ్ ప్రకటనల్లో కనబడే వీపీఎన్ నీకు పనికిరాదు. అది నీ ఇంటర్నెట్ చిరునామా దాచి, వేరే దేశంలో ఉన్నట్టు చూపించేది. దాన్ని ఆన్ చేస్తే నీ దగ్గర పనిచేసే అమ్మాయి కంప్యూటరు ఆ కంపెనీ సర్వరుకి చేరుతుంది గానీ, నీ ఆఫీసులో లెక్కలు రాసే టాలీ ప్రోగ్రాముకి చేరదు. నీకు కావలసింది నీ ఆఫీసు గుమ్మం దగ్గరే ఉండి, నీ వాళ్లని గుర్తుపట్టి లోపలికి రానిచ్చేది. నిబంధనల గురించి కూడా అడిగావు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో, వీపీఎన్ అమ్మే కంపెనీలు ఖాతాదారుల వివరాలు 5 ఏళ్లు దాచాలని ఉంది. దానికి ఒప్పుకోక కొన్ని కంపెనీలు మన దేశం నుంచి సర్వర్లే ఎత్తేశాయి. సంస్థలు తమ సొంత ఉద్యోగుల కోసం నడుపుకునే వీపీఎన్‌కి ఆ వివరాల నిబంధన వర్తించదని సెర్ట్-ఇన్ తర్వాత వివరణ ఇచ్చింది. అయితే ఎవరైనా చొరబడితే 6 గంటల్లో తెలియజేయాలన్నదీ, లాగ్‌లు 180 రోజులు ఉంచాలన్నదీ అదే ఆదేశాల్లో ఉన్నాయి. వాటిని మాత్రం పట్టించుకో.

ఇంకో మాట. రౌటరు పెట్టడానికి వచ్చిన కుర్రాడు "వీపీఎన్ ఎందుకండీ, రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు బయటికి తెరిచేస్తాను, ఎక్కణ్నుంచైనా వచ్చేస్తుంది" అంటాడు. చాలా ఆఫీసుల్లో ఇదే జరుగుతోంది. 3389 అనే ఆ పోర్టు ఇంటర్నెట్‌లో ఎక్కడ తెరిచి ఉందా అని రాత్రింబగళ్లు వెతికే ప్రోగ్రాములున్నాయి. దొరికిందంటే పాస్‌వర్డులు ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తూనే ఉంటాయి. ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే ముఠాలకి చిన్న ఆఫీసుల్లోకి రావడానికి ఇదో పెద్ద దారి. నీ దగ్గర రొయ్యల వ్యాపారుల బ్యాంకు స్టేట్‌మెంట్లు, రైస్‌మిల్లుల లెక్కలు, వాళ్ల కుటుంబాల పాన్ నంబర్లు అన్నీ ఉంటాయి. ఆ పోర్టు ఇప్పటికే తెరిచి ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందది మూయించు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న దగ్గరికి వస్తాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆఫీసులకి ఆఫీసులే ఒక్కసారిగా ఇళ్లకి వెళ్లిపోయాయి. ప్రయాణాల్లో ఉండే కొద్దిమంది కోసం పెట్టిన వీపీఎన్ మీద అందరూ పడ్డారు. పొద్దున్నే లాగిన్ అయినవాళ్లకి దొరికేది, ఆలస్యమైతే లైసెన్సులు అయిపోయాయని వచ్చేది. వీడియో మీటింగులు కూడా ఆ సొరంగంలోంచే వెళ్లి రావడంతో లైను బిగుసుకుపోయేది. అప్పుడు మనుషులేం చేశారో తెలుసా? ఫైళ్లు సొంత జీమెయిల్‌కి పంపుకున్నారు. పెన్‌డ్రైవుల్లో ఎక్కించుకున్నారు. వాట్సాప్‌లో ఎక్సెల్ షీట్లు పంచుకున్నారు. వాళ్లలో ఒక్కరికీ దురుద్దేశం లేదు. సాయంత్రానికి పని అప్పజెప్పాలన్న తాపత్రయమే వాళ్లతో ఆ పని చేయించింది. ఎక్కువగా పక్కదారులు వెతుక్కున్నది పని మీద శ్రద్ధ ఉన్నవాళ్లే. భద్రత కోసం పెట్టిన వీపీఎన్ సరిగ్గా నడవకపోతే, నీ ఖాతాదారుల కాగితాలు ఊరంతా తిరుగుతాయి. అందుకే నీ స్టాఫ్ "ఇది విసుగ్గా ఉందమ్మా" అంటే ఆ మాటని భద్రత విషయంగానే తీసుకో. గొణుగుడని కొట్టిపారేయకు.

ఆ ఫిర్యాదులు ఎలా ఉంటాయో ముందే చెబుతాను, అప్పుడు కంగారు పడవు.

"కనెక్ట్ అయిందని చూపిస్తోంది మేడం, కానీ ఏదీ తెరుచుకోవట్లేదు." ఇది తప్పకుండా వింటావు. దీనికి ఎక్కువసార్లు ఉండే కారణం చాలా చిన్నది. ఆఫీసు రౌటరూ, ఇంటి రౌటరూ రెండూ కంపెనీ నుంచి వచ్చినట్టే 192.168.0 తోనో 192.168.1 తోనో మొదలయ్యే నంబర్లిస్తాయి. అప్పుడు అమ్మాయి కంప్యూటరు ఆఫీసు సర్వరుని తన ఇంట్లోనే వెతుక్కుంటుంది. బ్రాంచి తెరవకముందే భీమవరానికి ఒకటి, ఏలూరికి మరొకటి, 10 తో మొదలయ్యే వేర్వేరు వరసలు ఇప్పించు. ఇప్పుడైతే ఒక పూట పని. ప్రింటర్లు, బయోమెట్రిక్ యంత్రం, కెమెరాలు అన్నీ బిగించాక మారుద్దామంటే అన్నిటినీ మళ్లీ మొదటి నుంచి సర్దాలి.

"టాలీ కదలట్లేదు." ఇది వినగానే మీవాళ్లు నెట్ స్పీడు పెంచమంటారు. డబ్బు దండగ. డేటా ఫోల్డరుని వీపీఎన్ మీదుగా షేర్ చేసి ఇంటి కంప్యూటర్లో టాలీ నడిపితే, ఒక్కో చిన్న ఎంట్రీకి కూడా అది సర్వరుతో ఎన్నోసార్లు వెళ్లి రావాలి. లైను ఎంత వెడల్పున్నా ఆ రాకపోకల ఆలస్యం తగ్గదు. పైగా మధ్యలో తెగితే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. అలా కాకుండా, వీపీఎన్‌లోకి వచ్చాక ఆఫీసు కంప్యూటరుని రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరిస్తే టాలీ ఆఫీసులోనే నడుస్తుంది, తెర మాత్రం ఇంటికి వస్తుంది. ఖాతాదారుల లెక్కలు గడప దాటవు. ఇక్కడొక చిక్కుంది, ముందే తెలుసుకో. ఆఫీసు కంప్యూటరుకి గుచ్చిన డిజిటల్ సంతకం టోకెను మామూలుగా రిమోట్ డెస్క్‌టాప్‌లోంచి కనబడదు. సంతకం పెట్టే పని ఎవరు, ఎక్కడ కూర్చుని చేస్తారో వేరుగా ఆలోచించి పెట్టుకో. అర్ధరాత్రి టోకెను కనబడట్లేదని ఎవరో ఒకరు ఆఫీసుకి పరిగెత్తే పరిస్థితి తెచ్చుకోకు.

"ఫోన్ హాట్‌స్పాట్ మీద అయితే కొన్ని పేజీలు వస్తున్నాయి, పెద్దవి మధ్యలో ఆగిపోతున్నాయి" అని ఎవరైనా అన్నారంటే ఆ మాట నమ్ము. సొరంగంలోంచి వెళ్లే ప్యాకెట్టుకి అదనపు పొర చేరుతుంది కాబట్టి పరిమాణం కొంచెం తగ్గించాలి. ఎంటీయూ అంటారు, సాధారణంగా 1500 ఉండేది వైర్‌గార్డ్‌లో 1420 ఉంటుంది, కొన్ని మొబైల్ లైన్లలో ఇంకా తగ్గించాలి. చెప్పిన మనిషికి ఈ పేరు తెలియక్కర్లేదు. "చిన్నవి వస్తున్నాయి, పెద్దవి ఆగుతున్నాయి" అని ఆమె గమనించి చెప్పిందే, అదే సగం వైద్యం. ఇలా చెప్పే మనిషి నీ ఆఫీసులో ఉంటే అదృష్టమనుకో.

కరెంటు సంగతి కూడా చూసుకో. ఆఫీసులో కంప్యూటర్లకి ఇన్వర్టరు ఉంటుంది, ఫైబర్ పెట్టెకీ రౌటరుకీ ఉండదు. కరెంటు పోగానే సర్వరు వెలుగుతూనే ఉన్నా, ఇళ్లలో ఉన్నవాళ్లందరికీ ఆఫీసు మాయమైపోతుంది. ఆ రెండిటినీ కూడా ఇన్వర్టరు మీదికి మార్పించు.

కొనే సంగతి క్లుప్తంగా. పాత రౌటర్లలో పీపీటీపీ అని ఇంకా కనబడుతుంది, సులువుగా పెట్టొచ్చు కూడా. దాన్ని ముట్టుకోకు, అందులో పాస్‌వర్డుని కాపాడే పద్ధతిని ఛేదించవచ్చని 2012లోనే బహిరంగంగా చూపించారు. 2001 నుంచి ఉన్న ఓపెన్‌వీపీఎన్ నమ్మకమైనది. వైర్‌గార్డ్ 2020లో లినక్స్ కెర్నెల్‌లోనే చేరింది. చాలా వేగం, పైగా ఇంటి వైఫై నుంచి ఫోన్ డేటాకి మారినా తెగకుండా సాగుతుంది. కానీ అది తాళంచెవి లాంటి ఫైలుతోనే మనిషిని గుర్తిస్తుంది. రెండో ధ్రువీకరణ దానికదే అడగదు, అది నువ్వు వేరుగా పెట్టాలి. ఇంటర్నెట్ కంపెనీవాళ్లని స్టాటిక్ ఐపీ, అంటే మారని పబ్లిక్ చిరునామా, అడుగు. మన దగ్గర చాలా కనెక్షన్లలో ఒకే పబ్లిక్ చిరునామాని ఎందరికో పంచి ఇస్తారు, అలాంటప్పుడు బయటి నుంచి నీ ఆఫీసుని పట్టుకోవడం కుదరదు. అది దొరకకపోతే టెయిల్‌స్కేల్ లాంటివి ఆ చిక్కుని దాటిస్తాయి.

రెండో ధ్రువీకరణ అన్నాను కదా, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 2021 మే 7న అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయింది. హ్యూస్టన్ నుంచి న్యూజెర్సీ దాకా 5,500 మైళ్ల గొట్టం, తూర్పు తీరానికి పెట్రోలు, డీజిలు అందించేది. బంకుల ముందు బారులు తీరాయి. దొంగలు లోపలికి వచ్చింది ఒక వీపీఎన్ ఖాతాలోంచి. ఆ ఖాతాని అప్పటికి ఎవరూ వాడటం లేదు, అయినా తీసెయ్యలేదు. పాస్‌వర్డు ఒక్కటే అడిగేది. ఆ పాస్‌వర్డు తేలికదేమీ కాదని కంపెనీ అధిపతి జోసెఫ్ బ్లౌంట్ సెనేట్ ముందు చెప్పాడు. ఎంత కఠినమైనదైతే ఏం, అది వేరే ఎక్కడో బయటపడిన పాస్‌వర్డుల కుప్పలో ఉంది. 75 బిట్‌కాయిన్లు, అప్పటి ధరకి సుమారు 44 లక్షల డాలర్లు కట్టారు. అందులో చాలా భాగాన్ని తర్వాత ప్రభుత్వం రాబట్టింది గానీ, ఆగిన రోజులు ఆగినవే.

అంత పెద్ద కంపెనీ కథ నీకెందుకు చెబుతున్నానంటే, ఎవరూ వాడని ఖాతాలు నీ ఆఫీసులోనే వాళ్లకంటే తొందరగా పోగవుతాయి. సీఏ శిక్షణకి నీ దగ్గర చేరే ఆర్టికల్స్ పిల్లలు ఇప్పుడు 2 ఏళ్లే ఉంటున్నారు. పరీక్షలని సెలవు పెడతారు, అటునుంచి అటే వెళ్లిపోతారు. వీడ్కోలు రోజున స్వీట్లు పంచి, ఫోటో దిగి పంపిస్తావు. ఆ రోజే ఖాతా కూడా తీసెయ్యి. వాళ్ల మీద అనుమానంతో కాదు. రేపు ఆ పిల్లవాడి ఫోను పోయినా, పాస్‌వర్డు ఇంకెక్కడో బయటపడినా నింద అతని మీదికి రాకూడదు. ఆ పేరుని నువ్వే కాపాడాలి. అలాగే ఆఫీసు మొత్తానికి ఒకే ఖాతా, ఒకే పాస్‌వర్డు పెట్టి నడిపించొద్దు. అందరూ ఒకే పేరుతో వస్తే, ఏదైనా జరిగిన రోజున అమాయకులందరూ తలవంచుకుని నిలబడాలి.

రెండో ధ్రువీకరణ అంటే ఫోనులో మారుతూ ఉండే ఆరంకెల కోడు. దాన్ని ప్రతిసారీ కొట్టడం కష్టమని మొదట్లో అందరూ అంటారు. దీంట్లో మాత్రం మెత్తబడకు. కానీ మొదటి రోజున పక్కన కూర్చుని ప్రతి ఒక్కరి ఫోనులో నువ్వే పెట్టించు. ఫోను పోతే ఎలాగో కూడా అప్పుడే చెప్పు. మీ పెద్దాయన, నాన్నగారి కాలం నుంచి ఉన్న అకౌంటెంటు గారికి ఇంకొంచెం ఓపికగా చూపించు. కోడు తప్పంటోందని ఆయన ఫోన్ చేస్తే, ఫోనులో టైము ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూడమను. ఆ కోడు టైముని బట్టే తయారవుతుంది. కుర్రాళ్ల ముందు ఆయన్ని చిన్నబుచ్చకు.

వీపీఎన్ పెట్టెకి వచ్చే అప్‌డేట్లు ఎవరు చేస్తారో పేరు పెట్టి రాసుకో. లండన్‌లో ట్రావెలెక్స్ అనే విదేశీ కరెన్సీ మార్చే కంపెనీ ఉంది. 2019 చివరి రోజున దాని మీద దాడి జరిగి, కౌంటర్లలో కాగితం, పెన్నుతో పని చేసుకోవాల్సి వచ్చింది. వాళ్లు వాడే పల్స్ సెక్యూర్ వీపీఎన్‌లో ఒక లోపం ఉంది, దానికి మరమ్మతు ఆ ఏడాది ఏప్రిల్‌లోనే వచ్చింది. నెలలు గడిచినా వాళ్లు వేసుకోలేదు. దాడి ఆ దారినే వచ్చి ఉంటుందని అప్పట్లో వార్తలొచ్చాయి. అప్‌డేటు వేస్తే కాసేపు ఆగిపోతుందనే భయంతోనే మనవాళ్లు వాయిదా వేస్తారు. జీఎస్టీ రిటర్నుల గడువులైన 11, 20 తేదీలు వదిలేసి, ఒక ఆదివారం ఖాయం చేసుకో.

ఇళ్లలో కంప్యూటర్ల గురించి ఒక్క మాట. మీ ఊళ్లో రొయ్యల చెరువుకి నీళ్లు పెట్టేటప్పుడు తూముకి వల కట్టకుండా ఎవరైనా పెడతారా? వీపీఎన్ కూడా అంతే, అటు చివర ఏముంటే అది ఇటు వస్తుంది. పిల్లలు ఆటలు దించుకునే కంప్యూటరునే సొరంగంలో కలిపితే, అందులోని వైరస్ కూడా భద్రంగా నీ సర్వరు దాకా వస్తుంది. అమ్మాయిలకి ఆఫీసు లాప్‌టాపులు నువ్వే ఇవ్వు. ఖర్చే, నాకు తెలుసు. వీపీఎన్‌లో చవకది కొన్నా ఫరవాలేదు గానీ దీనికి వెనకాడకు.

ఇంకొకటి, ఇది నీకు నచ్చకపోవచ్చు. ఎవరు ఎప్పుడు కనెక్ట్ అయ్యారు, ఎంతసేపు ఉన్నారన్నది లాగ్‌లో కనబడుతుంది. దాన్ని హాజరుపట్టీగా వాడకమ్మా. పాప ఏడిస్తే లేచి వెళ్లిన అరగంట గురించి నువ్వు అడిగావనుకో, మర్నాటి నుంచి ఆ అమ్మాయి పనున్నా లేకపోయినా రోజంతా కనెక్ట్ చేసి ఉంచుతుంది. ఇక అర్ధరాత్రి రెండింటికి ఎవరో ఆమె పేరుతో వచ్చారన్నా నీకు తేడా తెలియదు. పని జరిగిందా లేదా చూడు. లాగ్‌ని వేళకాని వేళల కోసం, కొత్త ఊళ్ల కోసం చూసుకో.

ఏలూరు బ్రాంచి తెరిచే ముందు ఒక రోజు కేటాయించు. ఆ అమ్మాయిల్లో ఒకరి ఇంటికి వెళ్లి, ఆమె కుర్చీలో, ఆమె నెట్ మీద కూర్చో. లాగిన్ దగ్గర్నుంచి ఒక ఖాతాదారుడి జీఎస్టీ రిటర్ను ఫైల్ చేసేదాకా మొత్తం నువ్వే చెయ్యి. ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది, ఎక్కడ "పోనీ వాట్సాప్‌లో తెప్పించుకుందాం" అనిపించిందో కాగితం మీద రాసుకో. ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేస్తాను, ఒక్కోటీ ఎలా సరిచేయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య