ఇంటి బీగం, పక్కింటి అమానత్‌

హజ్‌కు పేరు వచ్చిన ఇంట్లో మొదటి ఆనందం కాస్త సద్దుమణిగాక ఒక ప్రశ్న మెల్లగా తలెత్తుతుంది: ఇల్లు ఎవరు చూస్తారు? హజ్‌ ప్రయాణం సాధారణంగా 40 రోజులు. కువైట్‌లోనో దుబాయిలోనో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులకైతే రెండు మూడు నెలలు. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు, తిరుపతి ప్రాంతాల్లో ఈ విషయాన్ని రెండు రకాలుగా అడుగుతుంటారు. "అల్లాహ్‌ గృహానికి వెళ్తున్నాం, మన ఇంటిని ఆయనే చూసుకుంటాడు. కెమెరాలు, కాపలాలు తవక్కుల్‌కు విరుద్ధం కావా?" అని కొందరు. "పక్కింటివారికి బీగంచెవి ఇస్తున్నాం, నగల డబ్బా కూడా ఇవ్వవచ్చా?" అని మరికొందరు. మొదటిదానికి జవాబు తేలిక. రెండవదే కష్టం. బంధుత్వాలు తెగిపోయేది అక్కడే.

ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సఅసం) బోధించిన సంగతి పిల్లలకూ తెలుసు. దానికంటే లోతైన ఉదాహరణ సూరా యూసుఫ్‌లో ఉంది. హజ్రత్‌ యాఖూబ్‌ (అలైహిస్సలాం) తన కుమారులను ఈజిప్టుకు పంపుతూ అందరూ ఒకే ద్వారం గుండా వెళ్ళవద్దని, వేర్వేరు ద్వారాల గుండా ప్రవేశించమని చెప్పారు. ఆ వెంటనే, దైవనిర్ణయం నుండి తాను వారిని తప్పించలేనని కూడా చెప్పారు (12:67). జాగ్రత్త, నమ్మకం రెండూ ఒకే నోట, ఒకే శ్వాసలో వచ్చాయి. జాగ్రత్త మన బాధ్యత, ఫలితం అల్లాహ్‌ చేతిలో ఉంది. కాబట్టి బీగం వేసేవాడు అవిశ్వాసి కాడు, వేయనివాడు వలీ కాడు.

రాత్రివేళ అల్లాహ్‌ నామం స్మరించి తలుపులు మూయమని, దీపాలు ఆర్పమని హదీసుల్లో ఉంది. ఎలుక వత్తిని లాగి ఇల్లు తగలబెట్టవచ్చన్న కారణం కూడా అక్కడే ఉంది. ఒక్క రాత్రికే ఇంత చెప్పినప్పుడు, నలభై రాత్రులకు గ్యాస్‌ రెగ్యులేటరు కట్టేయడం, మోటారు స్విచ్‌, కరెంటు మెయిన్‌ ఆపడం ఆ ఆదేశపు స్ఫూర్తిలోనివే. ఖాళీ ఇంటికి ప్రమాదం దొంగల నుండే రాదు. 2021 నవంబరు వర్షాలకు తిరుపతిలో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. అలాంటి రోజున బీగం పడి ఉన్న ఇంట్లోని దస్తావేజులను, బియ్యం బస్తాలను పైకెత్తి పెట్టాలంటే బీగంచెవి ఎవరో ఒకరి దగ్గర ఉండాలి.

ఒక మాట. హాజీ సాబ్‌ ఫోటోతో, ప్రయాణం తేదీతో వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టే అలవాటు ఈ మధ్య పెరిగింది. దువా కోసం అంటారు. దువా చేసేవాడూ చదువుతాడు, దొంగా చదువుతాడు. విమానాశ్రయం నుండి పంపే వాట్సాప్‌ స్టేటస్‌ కూడా అంతే. పాలు, పేపరు ఆపించడం, బీగం బయటికి కనిపించకుండా వేయడం, ముఖ్య పత్రాలను, బంగారాన్ని బ్యాంకు లాకరులో పెట్టడం, ఇవి తెలిసినవే. బీగం వేసిన ఇళ్ళపై నిఘా కోసం మన రాష్ట్ర పోలీసులు ఎల్‌.హెచ్‌.ఎం.ఎస్‌. అనే ఏర్పాటు చేశారు. ముందుగా నమోదు చేసుకున్నవారి ఇంట్లో కెమెరా అమర్చి, లోపల కదలిక కనబడితే కంట్రోల్‌ రూముకు సంకేతం వెళ్ళేలా చూస్తారు. స్టేషనులో విచారించి వాడుకోవడంలో దోషం లేదు. సొంతంగా కెమెరా పెట్టుకునేవారు మాత్రం దాని చూపు పక్కింటి వాకిలి మీద, స్త్రీలు మసలే చోట పడకుండా తిప్పాలి. ఇతరుల గుట్టు వెదకడాన్ని ఖుర్‌ఆన్‌ నిషేధించింది (49:12).

ఇక బీగంచెవి సంగతి. సూరా నూర్‌ 61వ ఆయతులో ఎవరెవరి ఇళ్ళలో భుజించవచ్చో చెబుతూ, తాళపుచెవులు మీ స్వాధీనంలో ఉన్న ఇళ్ళ ప్రస్తావన కూడా వచ్చింది. దాని వెనుక హజ్రత్‌ ఆయిషా (రజి) ద్వారా వచ్చిన ఒక ఉల్లేఖనాన్ని ముఫస్సిర్లు పేర్కొన్నారు. సహాబాలు దైవప్రవక్త (సఅసం) వెంట బయలుదేరేటప్పుడు, మదీనాలో ఉండిపోయే వారికి తమ ఇళ్ళ తాళపుచెవులు ఇచ్చి, అవసరమైనది తినండని చెప్పి వెళ్ళేవారు. తీసుకున్నవారేమో వారు మనస్ఫూర్తిగా అన్నారో లేదో, మొహమాటానికి అన్నారేమోనని ముట్టుకునేవారు కారు. ఎంత సున్నితమైన మనసులు! ఇచ్చినవాడు తినమంటున్నాడు, పుచ్చుకున్నవాడు సంకోచిస్తున్నాడు. ఈ రోజు మన మొహల్లాలో గొడవ దీనికి తలక్రిందులుగా ఉంటుంది. బీగంచెవి తీసుకున్నవారు ఫ్రిజ్‌ వాడుకుంటారు, చుట్టాలను పడుకోబెడతారు. ఇచ్చినవారు తిరిగివచ్చి చెంచాలు లెక్కపెడతారు. కారణం ఒకటే. ఏది అనుమతో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. మొక్కలకు నీళ్ళు పోయడానికి ఇచ్చిన బీగంచెవి బీరువా తెరవడానికి అనుమతి కాదు. ఎవరూ లేని ఇంట్లోకి అనుమతి లేనిదే ప్రవేశించవద్దని అదే సూరా 28వ ఆయతు చెబుతోంది.

నగల విషయానికి వస్తే, లాకరు దొరికినంతవరకు పక్కింటివారి మీద ఆ భారం పెట్టవద్దనే మా అభిప్రాయం. పెట్టక తప్పకపోతే వస్తువు, బరువు కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట అప్పగించండి. తీసుకున్న అక్క ఆ గాజులు ఒక్క పెళ్ళికి కూడా తొడుక్కోకూడదు. వాడుకుంటుండగా పోతే పరిహారం ఇవ్వాలి. యజమాని అనుమతి లేకుండా బయటివారి చేతికి అప్పగించి పోగొట్టినా అంతే. కానీ తన సొమ్మును కాపాడినట్లే కాపాడుతుండగా, నిర్లక్ష్యమేమీ లేకుండా దొంగతనం జరిగితే ఆమెపై పరిహారం లేదు. ఈ చివరి మాట చాలామందికి మింగుడుపడదు. మక్కా నుండి వచ్చిన మరునాడే, రుజువు లేకుండా పక్కింటివారి పేరు వీధిలో ఎత్తే హాజీ బంగారం కంటే పెద్దది పోగొట్టుకుంటున్నాడు. అనుమానాలకు దూరంగా ఉండమన్న ఆజ్ఞ బంగారం పోయిన రోజుకు కూడా వర్తిస్తుంది.

పక్కిల్లు హిందువులదైతే బీగంచెవి ఇవ్వవచ్చా అని కూడా అడుగుతారు. మన రాయలసీమలో తరతరాలుగా ఇస్తూనే ఉన్నారు. హిజ్రత్‌ సమయంలో (క్రీ.శ. 622) దైవప్రవక్త (సఅసం), హజ్రత్‌ అబూబక్ర్‌ (రజి) తమ ఒంటెలను అప్పగించింది అబ్దుల్లాహ్‌ బిన్‌ ఉరైఖిత్‌కు. అప్పటికి అతడు ఖురైషుల మతంపైనే ఉన్నాడు. మూడు రాత్రుల తర్వాత సౌర్‌ గుహ వద్దకు వాటిని తెచ్చాడు. మక్కావాసులు దైవప్రవక్తను (సఅసం) వ్యతిరేకిస్తూనే తమ సొమ్ము ఆయన దగ్గరే దాచుకున్నారు. వాటిని తిరిగి ఇవ్వడానికి హజ్రత్‌ అలీ (రజి) ప్రాణాపాయంలో కూడా మక్కాలో ఆగిపోయారు. చూడవలసింది మనిషి నిజాయితీని.

క్రీ.శ. 630లో మక్కా జయించాక కాబా తాళపుచెవిని తన వద్ద ఉంచుకోకుండా ఉస్మాన్‌ బిన్‌ తల్హా (రజి) చేతికే తిరిగి ఇచ్చారు దైవప్రవక్త (సఅసం). అమానతులను హక్కుదారులకు అప్పగించమన్న ఆయతును (4:58) ముఫస్సిర్లు ఈ సందర్భంతోనే ముడిపెట్టారు. నేటికీ ఆ తాళపుచెవి బనూ షైబా వంశీయుల దగ్గరే ఉంది.

తిరిగివచ్చాక ముందు మస్జిదులో రెండు రకాతులు చదవడం సున్నత్‌. ఆ తర్వాత బీగంచెవి ఉంచుకున్నవారిని పిలిచి, వారి ఎదుటనే తలుపు తీయండి. అప్పగించిన వస్తువులు కాగితంతో సరిచూసుకొని, అందాయని వారి ముందే అదే కాగితం మీద రాసి ఇవ్వండి. జమ్‌జమ్‌, ఖర్జూరం మొదటి పొట్లం వారిదే.