ఇది ఎవరి తోలు?

నేను బి.ఏ. చదివినదాన్ని. చర్మం గురించి నాకున్న జ్ఞానమంతా సున్నిపిండికీ, చలికాలపు కొబ్బరినూనెకీ మధ్యనే. అలాంటిదాన్ని మొన్న భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న ఒక ఆరోగ్య కేంద్రంలో, ఆశా కార్యకర్తల శిక్షణ తరగతిలో చివరి బెంచీ మీద కూర్చున్నాను. మా వదిన నర్సు. ఖమ్మంలో వాళ్లింటికి చుట్టపుచూపుగా వెళితే, పాఠం చెప్పడానికి పోతూ "ఇంట్లో ఒక్కదానివీ ఏం చేస్తావు, రా" అని లాక్కుపోయింది.

బల్ల మీద ఒక బొమ్మ పెట్టారు. చర్మాన్ని కేకుముక్కలా కోసి నిలబెట్టినట్టుంది. పైన పల్చని పొర, దాని కింద మందంగా అసలు చర్మం, అడుగున కొవ్వు. వెంట్రుక కుదురు, చుట్టలు చుట్టుకున్న చెమట గ్రంథి, ఎర్రగా నీలంగా రక్తనాళాలు, పసుప్పచ్చ దారాల్లా నరాలు. ఇంత పనితనమున్న వస్తువునా మనం ఒంటినిండా కప్పుకుని, దాని నలుపు తెలుపులు మాత్రం చూసుకుంటున్నాం అనిపించింది. పక్కనే మచ్చలూ పొక్కులూ చూపించే ఇంకో పలక.

"అక్కా, ఇది ఎవరి తోలు?" అంది ముందు వరసలో ఒక కోయ అమ్మాయి. "మా గూడెంల ఈ రంగు మనిషి ఒక్కడు గూడ లేడు గదా!"

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. నిజమే, బొమ్మ గులాబీరంగులో ఉంది. దాని మీద ఎర్రగా కనిపించే వాపు, నల్లని ఒంటి మీద ఊదాగానో ఇంకా నల్లగానో ఉంటుంది. లండన్‌లో మలోన్ ముక్వెండే అనే నల్లజాతి వైద్య విద్యార్థికీ ఇదే సందేహం వచ్చి, తన అధ్యాపకులతో కలిసి 2020లో నల్లని చర్మం మీద రోగలక్షణాలు చూపే పుస్తకమే తెచ్చాడు. మన పిల్ల పుస్తకం రాయలేదు, అడిగింది.

పూర్వం ఈ బొమ్మలు మైనంతో చేసేవారు. పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో 1867 నుంచి జూల్ బారెత్తా ఆ పని చేశాడు. అంతకుముందు కాగితపు గుజ్జుతో పళ్లు చేసి అమ్ముకునేవాడట! రోగి ఒంటి మీదే అచ్చు తీసి, మైనం పోసి, రంగులద్దేవారు. ఆ మ్యూజియంలో అలాంటివి 4,000కి పైగా ఉన్నాయి. ప్రతిదీ ఒకరి చెయ్యి, ఒకరి ముఖం. అచ్చు తీస్తున్నంతసేపూ ఆ మనిషి ఏమనుకుని ఉంటుందో! మనం జబ్బ మీది మచ్చ డాక్టరుకి చూపించడానికే పైట సర్దుకుంటూ నాలుగు నెలలు గడిపేస్తాం. ఆ లెక్కన సిగ్గూ నొప్పీ లేని ఈ ప్లాస్టిక్ బొమ్మే ధర్మం అనుకున్నాను.

అప్పుడు వదిన కుష్టు సంగతి ఎత్తింది. మన ఒంటి మీద ఆ మచ్చ చుట్టూ ఉన్న రంగుకంటే పాలిపోయి ఉంటుంది, లేదా రాగిరంగులో. దురద ఉండదు, నొప్పి ఉండదు. అందుకే పట్టించుకోరు. ఆలస్యమైతే నరాలు దెబ్బతిని వేళ్లు వంకర్లు పోతాయి. ఆ కోయ అమ్మాయినే పిలిచి కళ్లు మూసుకోమంది. ముంజేతి మీద బాల్‌పెన్ను మొన ఆనించి, "ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించు" అంది. చూపించింది. మచ్చ మీద తాకినా తెలియడం లేదంటే అనుమానించాలిట.

ఈ పరీక్ష బొమ్మ మీద కుదరదు. జవాబు మనిషే చెప్పాలి.

నాకు చెమటలు పట్టాయి. పద్ధెనిమిదేళ్ల కిందట ఒక నవలలో, కోడల్ని రాచిరంపాన పెట్టిన అత్తగారికి చివరి అధ్యాయంలో కుష్టు తెప్పించాను. పాపం పండిందని పాఠకులు ఉత్తరాలు రాస్తే మురిసిపోయాను. సాంబుడి శాపం కథ విని పెరిగినవాళ్లం కదా! అది సూక్ష్మజీవి పని అని హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స 1980ల నుంచీ ఉంది. ఆరు నెలలో ఏడాదో మాత్రలు, అవీ ఉచితం. నేను తెలుసుకోలేదంతే. ఆ అత్తగారిని "అమ్మా, ఇక్కడ తాకితే తెలుస్తోందా?" అని ఎవరిచేతా అడిగించలేదు. నా కథకి కావలసిన చోట మచ్చ పెట్టుకున్నాను. నన్నొక్కదాన్నే అనకండి. నయంకాని కుష్టు విడాకులకు కారణమని 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఉన్న ముక్క, నయమయ్యే మందొచ్చాక కూడా ఉండి ఉండి 2019లో పోయింది.

టీ తాగేటప్పుడు ఆ అమ్మాయి వదిన పక్కకి చేరింది. వాళ్ల గూడెంలో ఒకామెకు మోచేతి పైన మచ్చ ఉందిట. బిడ్డ పెళ్లి అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందిట.

"పెళ్లెప్పుడు?"

"మాఘంల."

వదిన గ్లాసు కింద పెట్టేసింది. "అంతదాకా ఆగొద్దు. నలుగురిలో మాత్రం అడగకు. నీళ్లకి పోయినప్పుడు పక్కన నడు. ముందు నీ చెయ్యి ఇచ్చి ఆమె చేత పరీక్ష చేయించు."

"కళ్లు మూసుకోమంటే మూసుకుంటదో లేదో," అంటూ ఆ పిల్ల పెన్ను జాకెట్లో దోపుకుని వెళ్లింది.

తిరుగు ప్రయాణంలో బస్సు గోదావరి వంతెన మీద ఉండగా ప్రచురణకర్త ఫోను చేశాడు, ఆ నవలే మళ్లీ వేస్తానని. చివరి అధ్యాయం ఆపమన్నాను.

"అదేమిటండీ, అందరికీ నచ్చిందే అది!"

అత్తగారిని ఏం చెయ్యాలో ఇంకా తేలలేదన్నాను.