హేమంతంలో ఇంటి అగ్ని

సూరత్‌కు దక్షిణాన, ఉధ్నా నుంచి సచిన్ వెళ్ళే దారిలో ఉంది ఉన్ అనే చోటు. ఇక్కడి చలిని ఉత్తరాదివాళ్ళు చలిగా లెక్కపెట్టరు. రాత్రిళ్ళు పదిహేను డిగ్రీల దాకా దిగితే అదే గొప్ప. అయినా కార్తికం దాటుతుంటే గోదడీలు, అంటే బొంతలు, డాబాల మీద ఎండకు ఎక్కుతాయి. వంటిళ్ళలో మినపపిండి, నెయ్యి, తుమ్మబంక కలిసి అడదియా అవుతాయి. మన కోస్తాలో అదే మినుము సున్నుండ. ఉధ్నా, లింబాయత్‌ల వైపు మగ్గాల పని మీద వచ్చి స్థిరపడ్డ తెలంగాణ పద్మశాలీలకైతే నువ్వుల ముద్దలు, సంక్రాంతికి సకినాలు.

చలికాలానికి ఇల్లు సిద్ధం చేయడమంటే తలుపులు బిగించుకోవడమే అనుకుంటాం. మరి ఈ నేతి వంటలెందుకు? చరక సంహిత సూత్రస్థానం ఆరో అధ్యాయం దీనికి జవాబు చెబుతుంది. హేమంతంలో బయటి చల్లగాలి తాకి ఒంటివేడి లోపలే నిలిచిపోతుంది. దాంతో జఠరాగ్ని బలపడి బరువైన ఆహారాన్ని కూడా హరాయించుకుంటుంది. ఆ అగ్నికి తగినంత ఇంధనం అందకపోతే దేహంలోని రసాన్నే తినేస్తుంది. అందుకే చరకుడు ఒంటికి నూనె, పడకకు వెచ్చని లోపలిగది, విస్తట్లో నెయ్యి విధించాడు. మూసుకోవడమూ పోషించుకోవడమూ ఒకే విధిలోని రెండు సగాలు.

దేహాన్ని ఇల్లుగా, పురంగా చూడటం మనవాళ్ళకు పాత అలవాటు. గీత ఐదో అధ్యాయం తొమ్మిది ద్వారాలంటే కఠోపనిషత్తు పదకొండంటుంది. నాభినీ బ్రహ్మరంధ్రాన్నీ కలిపితే లెక్క సరిపోతుంది, పేచీ అక్కర్లేదు. ఛాందోగ్యం ఎనిమిదో అధ్యాయం ఆ పురంలో ఒక చిన్న పద్మగృహాన్నీ, అందులో అంతకన్నా సూక్ష్మమైన ఆకాశాన్నీ చూపి, వెతకవలసింది దానిలో ఉన్నదాన్నేనంటుంది. చలి మనిషిని ఇంట్లోకి తోసినట్టే, మనసును ఆ లోపలిగదిలోకి పంపడం సాధన.

ఇక్కడ బొంత ఒక సంగతి నేర్పుతుంది. బొంతలో వేడి లేదు. దూది పోగుల మధ్య కదలని గాలి నిలిచి, పడుకున్నవాడి వేడినే వాడికి దక్కనిస్తుంది. జపమూ నియమమూ చేసే పని కూడా అంతే. నాలుగో బ్రహ్మసూత్రానికి భాష్యం రాస్తూ శంకరులు మోక్షం కొత్తగా పుట్టించేది కాదు, ఎక్కడినుంచో పొందేది కాదు, ఒకదాన్ని మార్చి తెచ్చేది కాదు, సంస్కరించి తయారుచేసేది కాదు అని నాలుగు దారులూ మూసేశారు. ఉన్నదే ఉంది. దాన్ని చెదరనివ్వకపోవడమే మన వంతు.

అయితే చరకుడి రెండో సగాన్ని చాలామంది సాధకులు మరిచిపోతారు. ఇంద్రియాలను బిగించారు, ఉపవాసాలున్నారు, మాట తగ్గించారు. కానీ లోపల రాజుకున్న అగ్నికి ఏమీ వేయలేదు. అప్పుడది ఇంటి దూలాలనే అంటుకుంటుంది. కోపం, ఎదుటివారి మీద చిన్నచూపు, ఎండిపోయిన మాట. ఇలాంటి విరాగుల కంటే తిండిపోతులే నయమనిపిస్తుంది నాకు. నిరాహారికి విషయాలు తొలగినా వాటి రుచి మిగిలే ఉంటుందనీ, పరాన్ని చూశాకే అదీ పోతుందనీ గీత రెండో అధ్యాయం ముందే హెచ్చరించింది. పైగా అన్నాన్ని అరిగించే వైశ్వానరుడు తానేనని పదిహేనో అధ్యాయంలో భగవంతుడు చెప్పుకున్నాడు. తొలి ముద్దలను ఐదు ప్రాణాలకు ఆహుతులుగా వేయమని ఛాందోగ్యం చెప్పిన ప్రాణాగ్నిహోత్రం తెలిస్తే, ధనుర్మాసపు తెల్లవారుజామున దొన్నెలో పెట్టే వేడి పొంగలి జిహ్వకు లంచమని ఎవరూ అనరు.

గోదాదేవి తిరుప్పావైలో ఈ రెండు సగాలూ ఉన్నాయి. రెండో పాశురంలో గోపికలు నెయ్యి తినబోమని, పాలు తాగబోమని, కాటుక, పువ్వులు ముట్టబోమని వ్రతం పడతారు. ద్వారాలు మూశారన్నమాట. ఇరవై ఏడో పాశురం వచ్చేసరికి నగలు, కొత్త చీరలు అడుగుతారు, మోచేతి దాకా నెయ్యి కారే పాలబువ్వ కావాలంటారు. మొదట్లో వదిలినదే ఇప్పుడు కృష్ణుడి ఎదుట ప్రసాదమై వచ్చింది. దాన్ని ఎవరి గదిలో వాళ్ళు తినడం వాళ్ళకు ఇష్టంలేదు, అందరూ కలిసి కూర్చోవాలన్నారు. అంత చలినెలలో, ఆ పాశురం చివర, ఆ పిల్లలు కోరుకున్నది వెచ్చదనం కాదు. చల్లబడటం.