ఇల్లు వెంటబెట్టుకుని వెళ్లే యాత్ర

కార్తికం వచ్చిందంటే తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో రెండు మూడు కుటుంబాలు కలిసి టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని, గ్యాస్ స్టవ్వు, బియ్యం మూట, నీళ్ల టిన్నులు, దుప్పట్లు సర్దుకుని శ్రీశైలం బయల్దేరడం మామూలే. పడకలున్న కారవాన్ అద్దెకు దొరికితే సుఖం ఇంకాస్త పెరుగుతుంది, అంతే. ఇల్లంతా చక్రాల మీద వెంట వస్తుంటే అది తీర్థయాత్ర ఎలా అవుతుందన్న సందేహాన్ని మాత్రం కొట్టిపారేయలేం. ఐశ్వర్యమోహంతో వాహనమెక్కి ప్రయాగ వెళ్లినవాడికి ఆ తీర్థం నిష్ఫలమనీ, వాహనం మానుకోవాలనీ మత్స్యపురాణం గట్టిగానే చెప్పింది. కానీ అది చూపిన కారణం మోహం. మహాభారతం అరణ్యపర్వమైతే చేతులు, కాళ్లు, మనసు అదుపులో ఉన్నవాడికే తీర్థఫలం దక్కుతుందంటుంది; ఎన్ని ఆమడలు నడిచావని అడగదు. 1830 మేలో మద్రాసులో బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య డేరాలతో, పల్లకితో, పెద్ద పరివారంతో శ్రీశైలం దర్శించి, కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆయన చేసింది యాత్ర కాదని ఎవరంటారు?

అదుపు అనేది ఎక్కడ తేలుతుందో చూడాలంటే వినుకొండ మీదుగా వెళ్లి దోర్నాల దాటాలి. అక్కడి నుంచి నల్లమల. 1983 నుంచి అది పులుల అభయారణ్యం. మల్లన్నను తమ అల్లుడిగా, చెంచు మల్లయ్యగా కొలుచుకునే చెంచుల నివాసం కూడా. ఘాట్ మలుపుల్లో కోతులు కనిపించగానే కిటికీలోంచి అరటిపండో బిస్కెట్టో విసిరి పుణ్యం చేశామనుకుంటాం. పిల్లను పొట్టకు కరుచుకున్న తల్లికోతి దానికోసం రోడ్డు మీదికి దూకుతుంది. వెనక వచ్చే బస్సు డ్రైవరుకు బ్రేకు వేసే వ్యవధి ఉండదు. పులిహోర తిని పారేసిన కవరును ఆ ఉప్పు రుచికి జింక నమిలి మింగుతుంది. చేతిని అదుపులో పెట్టుకోమన్న మాట నా దృష్టిలో సరిగ్గా ఈ కిటికీ దగ్గరే వర్తిస్తుంది.

అన్నీ ముందే లెక్కలు వేసుకుంటే భక్తి ఏముంది, దేవుడి మీద భారం వేసి బయల్దేరాలి అంటారు కొందరు పెద్దలు. ఆ మాటలో విశ్వాసం ఉంది, కాదనను. అయితే మనం వేసే భారం చాలాసార్లు దేవుడి మీద పడదు; రాత్రంతా నిద్ర లేకుండా బండి నడిపిన డ్రైవరు మీదా, నోరు లేని అడవి మీదా పడుతుంది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ వండుకోవాలి, చెత్త ఎందులో వేసుకోవాలి అని ఇంటి దగ్గరే తేల్చుకోవడం వ్రతానికి ముందు చెప్పుకునే సంకల్పం లాంటిది. శివరాత్రికి నల్లమల గుండా కాలినడకన వెళ్లే భక్తులకు చేతులెత్తి మొక్కాలి. మోకాళ్లు సహకరించని తల్లిదండ్రులను బండిలో తీసుకెళ్లేవారు వారికి తీసిపోరు. కాలినడకన వెళ్లినా ప్లాస్టిక్ గ్లాసు అడవిలో పారేస్తే తప్పు తప్పే.

దోర్నాల గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. వన్యప్రాణులు రోడ్డు దాటే వేళ అది. గేటు దగ్గర సిబ్బందిని బతిమాలి ప్రయోజనం లేదు. తెల్లవారుజామునే బయల్దేరండి, స్టవ్వు అడవిలో వెలిగించకండి, మీ చెత్త మీతోనే వెనక్కి తెచ్చుకోండి.