ఇంటిపేరు, ఒక్క అక్షరం

ఎదుటి మనిషి తనంతట తానే మన గురించి ఒకటి అనుకున్నాడు. అది నిజం కాదని మనకు తెలుసు. సరిదిద్దకుండా ఊరుకున్నాం. అది అబద్ధమాడటమేనా?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు. హైదరాబాదులో ఉంటున్న మా వాడొకడు అడిగాడు. సిర్పూర్ వైపు వాడు, గోండు. వాడి పేరు చివర రావు ఉంది. మా వైపు మగవాళ్ళ పేర్లలో అది మామూలే. భీంరావు, సోనేరావు, మారుతిరావు అని ప్రతి గూడెంలోనూ ఉంటారు. మరాఠీ వాళ్ళ పొరుగున తరతరాలు బతికినందుకు వచ్చి చేరిన తోక అది. ఉట్నూరులో, జైనూరులో దాన్ని ఎవరూ పట్టించుకోరు. కూకట్‌పల్లిలో అలా కాదు. రావు అనగానే అవతలివాళ్ళ మనసులో లెక్క మొదలవుతుంది. వెలమలా, బ్రాహ్మలా, ఇంకెవరు? మా వాడు అద్దె ఇల్లు చూడ్డానికి పోతే ఓనరు పేరడిగాడు. చెప్పాడు. "రండి రావుగారూ" అని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. ఇల్లు దొరికింది. అంతకు ముందు వారం అదే వీధిలో ఇంకో ఇంట్లో పూర్తి పేరు, ఊరు, "మీరేవాళ్ళు?" అన్నీ అయ్యాక, చుట్టాలొస్తున్నారని చెప్పి పంపేశారు.

రెండు నెలలకు వాడి భార్య ఫోన్లో తల్లితో గోండీ మాట్లాడుతుంటే ఓనరు ఇల్లాలు విని "మరాఠీయా?" అంది. "మా వైపు భాష" అన్నాడట. అదీ అబద్ధం కాదు. కానీ ఆ రాత్రి వాడికి నిద్ర పట్టలేదు.

మన చుట్టూ ఉన్న తెలుగువాళ్ళకు ఇలాంటి ధర్మసంకటం అనగానే ధర్మరాజు గుర్తొస్తాడు. అశ్వత్థామ చచ్చాడని గట్టిగా అని, ఏనుగు అన్న మాట మెల్లగా అన్నాడు. మాటలో అబద్ధం లేకపోయినా ద్రోణుణ్ణి మోసం చెయ్యాలన్న ఉద్దేశం ఉంది. మా వాడిది ఆ కోవలోకి రాదు. వాడి పేరు వాళ్ళ నాయనమ్మ పెట్టింది. కూకట్‌పల్లిలో ఇల్లు దొరకాలని పెట్టలేదు కదా.

ఇంటి ఓనరుకు తెలుసుకునే హక్కు ఉన్న సంగతులు కొన్ని ఉన్నాయి. అద్దె సమయానికి కడతాడా, ఎంతమంది ఉంటారు, నీళ్ళు వృథా చేస్తారా. కులం, తెగ అందులో లేవు. హక్కు లేని ప్రశ్నకు జవాబు బాకీ ఉండదు. పైగా ఆ ఓనరు ప్రశ్న వెయ్యనే లేదు, రావు అన్న రెండక్షరాలను పట్టుకుని తనే జవాబు చెప్పుకున్నాడు. ఆ తప్పు మా వాడి నెత్తిన ఎందుకు రుద్దాలి?

ఇంతవరకూ నాకు సందేహం లేదు. కానీ వ్యవహారం ఇక్కడ ఆగదు. రేపు అదే వీధికి కుమ్రం అనో సిడాం అనో పూర్తి పేరు చెప్పుకునే పిల్లవాడు ఇల్లు వెతుక్కుంటూ వస్తాడు. అతన్నీ పంపేస్తారు. ఏడాది పాటు ఒక గోండు కుటుంబం పక్క వాటాలో శుభ్రంగా, మర్యాదగా ఉన్న సంగతి ఆ ఓనరు అనుభవంలో చేరదు. ఆ మంచితనమంతా రావు అన్న తోక ఖాతాలోకి పోతుంది. మౌనం వల్ల నష్టం జరిగిందంటే అక్కడ జరిగింది. అయితే ఒక జాతి పరువు మొత్తాన్ని నెల జీతం మీద బతికే ఒక చిన్న కుటుంబం మోయాలా? చంటిపిల్లతో రోడ్డు మీద నిలబడి నిజం చెప్పు అనే అధికారం నాకైతే లేదు. మన సభల్లో కొందరు పెద్దలు పేరు దాచుకున్నవాణ్ణి ద్రోహి అన్నట్టు మాట్లాడతారు. వాళ్ళలో చాలామందికి సొంత ఇళ్ళున్నాయి.

ఆ మధ్య హైమన్‌డార్ఫ్ రాసిన 'ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' చదివాను. 1979లో వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి పంపిన మనిషి ఆయన. మార్లవాయిలో ఉండి మన మాట నేర్చుకున్నాడు. 1943లో అక్కడే గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. ఆ పుస్తకంలో పేజీలకు పేజీలు సగల గురించి, ఇంటిపేర్ల గురించే. నాలుగు దేవుళ్ళవాళ్ళు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళవాళ్ళు. ఒకే సగవాళ్ళు అన్నదమ్ములు, పెళ్ళి కుదరదు. మనకు ముద్ద నోట్లో పెట్టుకోవడమంత సహజంగా తెలిసిన సంగతిని బయటివాడు అంత ఓపిగ్గా రాస్తే చదవడం వింతగా ఉంటుంది. చదువుతుంటే ఒకటి తట్టింది. తెలుగువాళ్ళ ఇంటిపేరు, మన ఇంటిపేరు ఒకటి కావు. వాళ్ళకది చాలావరకు ఊరి గుర్తో, వంశం గుర్తో. మనకది ముక్కూ మొహం తెలియని మనిషితో ఏ వరస కలుస్తుందో చెప్పే లెక్క. ఆత్రం అంటే ఆసిఫాబాద్‌లోనూ ఆత్రమే, ప్రాణహిత దాటి గడ్చిరోలిలోనూ ఆత్రమే.

దాన్ని మనం ఏం చేశాం? తెలుగు పద్ధతిలో కుదించి ఒక్క అక్షరం చేశాం. ఎ. భీంరావు. కె. లక్ష్మి. ఎం. జంగు. కె అంటే కుమ్రమా, కనకా, కోవా, కొడపా? ఎం అంటే మడావా, మెస్రమా, మర్సకోలా? ఆ ఒక్క అక్షరం చూసి ఇద్దరు గోండులు పెళ్ళి సంబంధం కూడా మాట్లాడుకోలేరు.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్ వెళ్ళాను. హైదరాబాద్ బస్సులో నిర్మల్, ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా ఇంద్రవెల్లి. దారిలో పక్క సీటతను నా పేరడిగి, ఏం చేస్తారని అడిగి, ఇక అడగాల్సింది అడగలేక కిటికీ వైపు తిరిగాడు. కేస్లాపూర్‌లో చెట్టు కింద ఒక ముసలామె రాం రాం అని, కూర్చోకముందే ఇంటిపేరు అడిగింది. చెప్పాను. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని, "అయితే నువ్వు నాకు కొడుకు వరస" అని నీళ్ళు ఇచ్చింది. బస్సులో అతనూ, ఈమే తెలుసుకోవాలనుకున్నది ఒకటే. అతను నన్ను ఎంత దూరంలో పెట్టాలో తెలుసుకోవాలనుకున్నాడు. ఆమె ఎంత దగ్గర కూర్చోబెట్టాలో చూసుకుంది.

ఇలా అంటూనే ఇంకోటి చెప్పకపోతే న్యాయం కాదు. మనమూ పేరడిగి తలుపులు మూసినవాళ్ళమే. మన దేవుళ్ళ కథలు, పూర్వీకుల పేర్లు కిక్రి మీటుతూ తరతరాలుగా నోటితో కాపాడింది ప్రధాన్లు. ఆ ప్రధాన్ల చేతి వంట తినని గోండు పెద్దలు నిన్న మొన్నటిదాకా ఉన్నారు. ఓనరు మీద కోపం వచ్చినప్పుడు ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంద్రవెల్లి స్తూపం దగ్గర కాసేపు దిగాను. 1981 ఏప్రిల్ 20న అక్కడ పోలీసు కాల్పుల్లో ఎంతమంది చనిపోయారంటే ప్రభుత్వం 13 అంది. 60 అన్నవాళ్ళున్నారు. చనిపోయినవాళ్ళ లెక్కలో అంత తేడా ఎలా వస్తుంది? ఒక్కో మనిషినీ పూర్తి పేరుతో, ఊరితో ఆనాడే ఎవరైనా రాసి ఉంటే సంఖ్య గురించి వాదించుకునే పని ఉండేదా?

మా వాడికి నేను చెప్పింది ఇది. ఓనరు దగ్గర నీ మౌనం నీ ఇష్టం, దానికి సిగ్గుపడకు. కానీ మీ అమ్మాయి దగ్గర ఆ మౌనం చెల్లదు. వాడి కూతురికి ఎనిమిదేళ్ళు. స్కూల్లో తన పేరు ముందు రాసుకునే ఎ చూపించి, అదేంటని తండ్రిని అడిగిందట. "ఇనీషియల్" అని చెప్పాడు. ఆ పిల్ల ఓనరు కాదు. తెలుసుకునే హక్కు అందరికన్నా ముందు ఆ పిల్లది. రేపు కేస్లాపూర్‌లో ఏ ముసలామె అయినా అడిగితే ఏం చెబుతుంది, ఇనీషియల్ అని చెబుతుందా? వాడు కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెబితే అది కింద ఇంటి పిల్లలతో అంటుంది" అన్నాడు. అంటుంది. ఆ భయానికి నా దగ్గర మందు లేదు. అయినా చెప్పాలనే అంటాను. ఇల్లు ఖాళీ చేయమంటే ఇంకో ఇల్లు వెతకొచ్చు, కష్టమే అయినా దొరుకుతుంది. పదేళ్ళ తర్వాత ఆ పిల్లకు వరసలు నేర్పడం అంతకన్నా కష్టం.

ఇది చదివే టీచర్లకు ఒక మాట. జూన్‌లో అడ్మిషన్ రిజిస్టర్ తెరిచి కూర్చునేది మీరు. ఐతు అంటే ఆదివారం పుట్టినవాడు, సోము సోమవారం వాడు. ఆ పేర్లు బాగాలేవని ఆదిత్య అనో సోమేశ్వర్ అనో మార్చి రాసిన రోజులు మీలో కొందరు పిల్లలుగా చూసే ఉంటారు. ఇప్పుడు అంత జరగకపోవచ్చు, ఇంటిపేరు మాత్రం ఇంకా ఒక్క అక్షరమే అవుతోంది. పూర్తిగా రాయండి. తెలుగులో ఎలా పలుకుతారో తల్లి చేత చెప్పించండి, ఇంగ్లీషు స్పెల్లింగ్ తండ్రి పాత కాగితాలతో, పట్టా పాసుపుస్తకంతో సరిచూడండి. అన్న మెమోలో కుమ్ర, తమ్ముడి మెమోలో కుమ్రం, ఆధార్‌లో కొమురం అని ఉంటే, ఇద్దరూ ఒక తల్లి బిడ్డలేనని నిరూపించుకోవడానికి కూలి పని మానుకుని మండల ఆఫీసు చుట్టూ తిరగాల్సింది ఆ తల్లే.