ఎవరి దొడ్డి ఎవరు కడగాల?

గిద్దలూరులో నేను ఇల్లు కట్టుకొని పదేండ్లయింది. మా వంశంలో సిమెంటు కప్పు కింద పడుకున్న మొదటోడిని నేను. ఇంట్లోనే లెట్రిన్ ఉన్న మొదటోడిని కూడా నేనే. మాది మార్కాపురం పక్కన ఒక మాదిగపల్లె. అక్కడ ఎవరికీ దొడ్డి లేదు. ఆడోళ్లు చీకటి పడిందాకా ఉగ్గబట్టుకొని, చెంబులు తీసుకొని ఊరోళ్ల చేల గట్లకు పోయేది. కనపడితే తిట్లు. మా నాయన పలకల గనిలో కూలి. ఆయన తీసిన రాయితో చేసిన పలకల మీద ఎందరో పిల్లోళ్లు అఆలు దిద్దినారు. ఆయన మాత్రం వేలిముద్రే. ఆయన కొడుకు టీచరై తెల్ల టైల్సు పరిచిన లెట్రిన్ కట్టించుకున్నాడు. ఇంట్లో దిగిన రోజు మా అమ్మ దాన్ని చూసి, "ఇంత తెల్లగుంటే దీని మీద యెట్ల కూర్చుంటార్రా" అనింది.

నాలుగో ఎండాకాలంలో అది నిండుకొచ్చింది. నీళ్లు పోస్తే కిందికి పోవు, పైకొస్తాయి. "ఎవరినన్నా పిలుచుకరా" అనింది నా భార్య. ఆ 'ఎవరినన్నా' అంటే ఎవరో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఊరంతటికీ తెలుసు.

అతను వచ్చినాడు. పొద్దున వీధులూడ్చే కాంట్రాక్టు పని, సాయంత్రం ఈ పనులు. నేను తువ్వాలు ముక్కుకు పెట్టుకొని వాకిట్లో నిలబడినా. పని అయిపోయింది. నా భార్య టీ తెచ్చింది. నాకు స్టీలు గ్లాసులో, అతనికి కాగితం కప్పులో. అతను తాగి, ఆ కప్పును మడిచి మడిచి జోబులో పెట్టుకున్నాడు. తర్వాత నిదానంగా అడిగినాడు: "సార్, మీది ఫలానా పల్లె గదా? మా చిన్నమ్మను మీ పల్లెకే ఇచ్చినారు. వరసకు మీరు నాకు బావైతారు."

నాకు నోట మాట రాలేదు. మా నాయన గ్లాసు రోడ్డు మీద టీ హోటలు చూరులో ఉండేది. తాగి, కడిగి, మళ్లీ ఆ చూరులోనే పెట్టాల. ఆ గ్లాసు గురించి అంబేద్కర్ జయంతులకు నేను ఎన్ని మీటింగుల్లో మాట్లాడినానో లెక్కలేదు. మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నా. ఆ చూరే నా ఇంటికి ఒక కాగితం కప్పై వచ్చింది. దాన్ని తెచ్చింది ఊరోళ్లు కాదు, మేమే.

ఆ రోజే అతన్ని కూర్చోబెట్టి, "బామ్మర్దీ, ఈ పని నాకు నేర్పించు" అన్నా. నవ్వినాడు. "సదువుకున్నోళ్లు, మీకెందుకు బావా" అన్నాడు. అయినా నేర్పించినాడు.

మొదట చెయ్యి పెట్టొద్దు, చూడమన్నాడు. ఒక బకెట్ నీళ్లు ఒకేసారి పొయ్యి. లెట్రిన్ ఒక్కటే నిండి, పక్కన స్నానాల గది నీళ్లు బాగానే పోతావుంటే అడ్డం ట్రాప్‌లో ఉంది. రెండూ నిలబడితే అడ్డం బయట చాంబర్లోనో, ట్యాంకులోనో ఉంది. నీళ్లు పోయేటప్పుడు గుడగుడమని సప్పుడొస్తే గాలి గొట్టం మూసుకుంది, పిట్టలు గూడు పెట్టుంటాయి. ఎండాకాలం ఊరికి పోయొచ్చినాక ఇల్లంతా కంపు కొడితే ఏ జబ్బూ లేదు. ట్రాప్‌లో నిలవాల్సిన నీళ్లు ఎండిపోయినాయి, ఒక చెంబు పోస్తే చాలు. ఆ వంపులో నిలిచే రెండంగుళాల నీళ్లే కింది కంపును పైకి రానీయకుండా ఆపేది. ఫ్లష్ ట్యాంకు కారుతాందో లేదో తెలియాలంటే అందులో పసుపు కలుపు. ఎవరూ నొక్కకుండానే కింద పసుపు కనపడితే లోపల రబ్బరు వాషరు పోయినట్టు. మన పక్క బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. బేసిన్‌లో తెల్లగా గార కడుతుంది, వాషర్లను తింటుంది. గార పోవాలని యాసిడ్ పోస్తారు. యాసిడ్, బ్లీచింగ్ రెండూ కలిపితే విషవాయువు పుడుతుంది. ఎప్పుడూ కలపొద్దు. ట్రాప్‌లో అడ్డానికి రబ్బరు పంపు, అదీ పని చేయకపోతే స్ప్రింగు తీగ. తొంభై పాళ్లు దీంతో అయిపోతుందన్నాడు.

మా ఇంటి జబ్బు చూసి, "ఇది మీ తప్పు గాదు బావా, మేస్త్రీది. గొట్టానికి వాటం పెట్టలేదు, మూలన అడ్డంగా తిప్పినాడు" అన్నాడు. ఇల్లు కట్టేటప్పుడు ఇంజనీరు వచ్చి చూసిపోయినాడు. ఆయనకు కనపడనిది ఇతనికి కనపడింది. అయినా ఆయనది చదువు, ఇతనిది పాకీపని.

ఇక్కడే నాకొక సంగతి అర్థమైంది. నా ఇంటికి ప్లంబరు కూడా వస్తాడు. అరంగుళం గొట్టం బిగిస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు, స్టీలు గ్లాసులో టీ తాగుతాడు. ట్రాప్ దగ్గరికొచ్చేసరికి, "ఇంతవరకే నాది సార్, ఆ తర్వాత వాళ్లను పిలుచుకోండి" అంటాడు. నీళ్లవే, గొట్టమూ అదే ఇంటిది. అరంగుళం గొట్టం పనితనం, నాలుగంగుళాల గొట్టం కులం. కులమంటే పనుల విభజన కాదు, పనిచేసేవాళ్ల విభజన అని అంబేద్కర్ 1936లో కులనిర్మూలన పుస్తకంలో వాదించినాడు. నేను దాన్ని పరీక్షకు చదివినా. నా ఇంట్లో ట్రాప్ దగ్గర చూసినా.

మరి ఏం చేయాల? గాంధీ 1901లో కలకత్తా కాంగ్రెసు సభలో చీపురు పట్టి దొడ్డి శుభ్రం చేసినాడు. గొప్పే. కానీ ఆ పని పవిత్రమని చెప్తే, ఆ పవిత్రత మా మెడకే చుట్టుకుంది. పని గొప్పదైతే అందరూ పోటీ పడాల గదా, ఎవరూ పోటీకి రాలేదేం?

మనవాళ్లలో ఇంకొక మాట ఉంది. "మేం ఆ పని వదిలేసినాం, మళ్లీ ముట్టుకోం" అని. ఆ మాటను నేను గౌరవిస్తా. 1927 మహాడ్ సభలో చచ్చిన గొడ్డు మాంసం మానండని చెప్పింది ఆ ఆత్మగౌరవం కోసమే. కానీ నేను వదిలేసిన పనిని నా బామ్మర్దితో చేయించుకుంటే అది వదలడం ఎట్లయితుంది? నా గంపను ఇంకొకరి నెత్తిన పెట్టినట్టు గదా?

ఆలోచించి ఆలోచించి నేనొక గీత గీసుకున్నా. నా కల్మషం నేను కడుక్కోవడం పాకీపని కాదు, అది ఒళ్లు కడుక్కోవడం లాంటిది. ఇంకొకరిది పుట్టుక వల్ల కడగాల్సి రావడమే పాకీపని. అందుకే చాంబర్ దాకా నా ఇంటి పని నాది, నా భార్యది, నా కొడుకుది.

ట్యాంకు సంగతి వేరు. దాంట్లోకి నేనూ దిగను, ఎవరినీ దిగనీయను. లోపల పుట్టే వాయువు రెండు గుక్కల్లో మనిషిని పడేస్తుంది, కాపాడబోయినోడు కూడా పడతాడు. దానికి మిషనే రావాల. కోలారు బంగారు గనుల్లో ఈ పనే చేసిన కుటుంబంలో పుట్టిన మన తెలుగువాడు బెజవాడ విల్సన్, పాకీదొడ్లు కూల్చే ఉద్యమం నడిపినాడు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినాయి. మురుగుగుంతల్లో చచ్చిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో ముప్పై లక్షలు చేసింది. శవానికి రేటు పెరిగింది, చావులు ఆగలేదు. 2014 తర్వాత పన్నెండు వేలిచ్చి కట్టించిన మరుగుదొడ్లకు రెండు గుంతలుండాల. ఒకటి నిండితే మూసి రెండోది వాడుకుంటే, రెండేండ్లకు మొదటి దాంట్లోది ఎరువైతుంది. ఎవరూ మలం ఎత్తే పని లేదు. చాలాచోట్ల ఒకటే గుంత తవ్వినారు. నిండినాక ఎత్తేదెవరని తవ్వేటప్పుడు ఎవరూ అడగలేదు. జవాబు అందరికీ ముందే తెలుసు గనక.

"అందరూ సొంతంగా చేసుకుంటే నీ కూలి పోతుంది గదా" అని బామ్మర్దిని అడిగినా. "స్ప్రింగు తీగ, పంపు పెట్టుకొని నేను కూడా ప్లంబర్నని బోర్డు పెడతా బావా. పిలుస్తారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. విద్యార్థి సంఘాల తమ్ముళ్లూ, కార్యకర్తలైన అన్నలూ, మీ దగ్గరుంటే చెప్పండి.

మొన్న సంక్రాంతికి అతను ఇంటికొచ్చినాడు, పనికి కాదు. స్టీలు గ్లాసులో టీ ఇచ్చినాం. తాగినాడు. మేం చూస్తుండగానే కుళాయి దగ్గరికి పోయి గ్లాసు కడిగి, గోడ మీద బోర్లించినాడు. "ఎందుకు బామ్మర్దీ" అంటే, "అలవాటు బావా" అన్నాడు. మూసుకున్న గొట్టం తెరవడం నాకు అతనే నేర్పించినాడు. ఈ అలవాటు మాన్పించడం అతనికి నేను ఇంకా నేర్పించలేదు.